జాంబియా రాగి గనుల వార్తను చదవడం ఎలా?

2025 తొలి నెలల్లో మన పత్రికల్లో ఒక వార్త వచ్చింది. జాంబియాలో రాగి, కోబాల్ట్ అన్వేషణ కోసం ఆ దేశ ప్రభుత్వం భారత ప్రభుత్వానికి 9,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కేటాయించిందన్నది దాని సారాంశం. కొన్ని శీర్షికలు దీన్ని భారత్‌కు రాగి గనులు దక్కినట్టే రాశాయి. నిజానికి అక్కడ దక్కింది వెతుక్కునే అనుమతి మాత్రమే. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు ఆ నేలను పరిశీలించి, నమూనాలు తీసి, అవసరమైన చోట డ్రిల్లింగ్ చేశాకే అక్కడ తవ్వదగినది ఏమైనా ఉందో లేదో తేలుతుంది. అన్వేషణ లైసెన్సుకూ తవ్వకపు లైసెన్సుకూ మధ్య ఏళ్ల తరబడి పని ఉంటుంది. అన్వేషణ జరిగిన ప్రాంతాల్లో చాలా కొద్దిచోట్ల మాత్రమే చివరికి గని వెలుస్తుంది.

ఇలాంటి వార్తలు ఇక ముందు కూడా వస్తూనే ఉంటాయి. విద్యుత్ వాహనాలకూ విద్యుత్ లైన్లకూ రాగి కావాలి, మన దేశంలో తవ్వే రాగి మన అవసరంలో చిన్న భాగమే. అందువల్ల షేర్లు కొనేవారికీ, మైనింగ్ లేదా భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులకూ, అక్కడి ఉద్యోగాల వైపు చూస్తున్నవారికీ జాంబియా గనుల వార్తను విడదీసి చదవడం తెలిసి ఉండాలి. ఏ వార్త ఎదురైనా ఏయే ప్రశ్నలు ఏ వరుసలో వేసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

మొదట గని ఎక్కడుందో చూడండి

జాంబియాకు సముద్రం లేదు, చుట్టూ ఎనిమిది దేశాలున్నాయి. రాగి ప్రధానంగా రెండు ప్రాంతాల నుంచి వస్తుంది. ఒకటి కాంగో సరిహద్దును ఆనుకున్న కాపర్‌బెల్ట్ ప్రావిన్సు. కిట్వే, ముఫులిరా, చింగోలా, చిలిలబొంబ్వే, లువాన్ష్యా వంటి గని పట్టణాలు ఇక్కడివే. ఇక్కడ 1920లలో లోతైన సల్ఫైడ్ నిల్వలు బయటపడ్డాయి, 1930ల నుంచి భారీ ఉత్పత్తి మొదలైంది. రెండోది దానికి పశ్చిమాన ఉన్న నార్త్-వెస్ట్రన్ ప్రావిన్సు. కన్సాన్షీ, లుమ్వానా, సెంటినెల్ అనే పెద్ద ఓపెన్ కాస్ట్ గనులు అక్కడ ఉన్నాయి. ఇవి ఈ శతాబ్దంలో పెరిగినవి.

గని ఏ ప్రాంతానిదో తెలిస్తే దాని కష్టసుఖాలు సగం తెలిసినట్టే. కాపర్‌బెల్ట్‌లోని పాత గనులు చాలావరకు భూగర్భ గనులు. వాటిలో ధాతువు మేలైనది, కానీ లోతు ఎక్కువ, యంత్రాలు పాతవి, ఖర్చు ఎక్కువ. చిలిలబొంబ్వేలోని కొంకోలా గని సంగతే చూడండి. ప్రపంచంలో అత్యధికంగా నీరు ఊరే గనుల్లో అది ఒకటి. రోజుకు సుమారు మూడు లక్షల ఘనపు మీటర్ల నీటిని పంపులతో పైకి తోడితే తప్ప కింద పని సాగదు. కరెంటు పోతే అక్కడ ఉత్పత్తి ఆగడమే కాదు, గనే మునిగిపోయే ప్రమాదం ఉంది. పశ్చిమాన ఉన్న ఓపెన్ కాస్ట్ గనులకు ఈ బెడద తక్కువ. వాటి ఇబ్బంది వేరు: ధాతువులో రాగి శాతం తక్కువ కాబట్టి కొండలకొద్దీ రాయిని కదిలించాలి.

తర్వాత యజమాని ఎవరో తేల్చుకోండి

వార్తల్లో అందరూ దాటేసే అంశం ఇదేనని నా అభిప్రాయం. జాంబియా గనుల యాజమాన్యం గత అరవై ఏళ్లలో ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ మారుతూ వచ్చింది. కాబట్టి మూడేళ్ల కిందటి వ్యాసాన్ని నమ్ముకుంటే తప్పులో కాలేసినట్టే.

1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి గనులు రెండు పెద్ద సంస్థల చేతిలో ఉండేవి. 1969లో అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ప్రభుత్వం వాటిలో 51 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 1982లో అన్నీ కలిసి జెడ్‌సీసీఎం అనే ప్రభుత్వ సంస్థగా మారాయి. 1970ల మధ్యలో రాగి ధర కుప్పకూలింది, పెట్టుబడి ఆగిపోయింది. 1969లో 7 లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి 2000 నాటికి సుమారు రెండున్నర లక్షల టన్నులకు పడిపోయింది. 1997 నుంచి 2000 వరకు గనులను ముక్కలుగా ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. ప్రభుత్వం చేతిలో జెడ్‌సీసీఎం-ఐహెచ్ అనే హోల్డింగ్ కంపెనీ, దాని ద్వారా ఒక్కో గనిలో మైనారిటీ వాటా మిగిలాయి. ఈ కంపెనీ లుసాకా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది కాబట్టి దాని వార్షిక నివేదిక ఎవరికైనా దొరుకుతుంది. వాటాల పట్టిక కోసం నేనైతే ముందుగా దాన్నే తెరుస్తాను.

అందులోని వాటాలు గనికో తీరుగా ఉంటాయి. కొంకోలా కాపర్ మైన్స్‌లో వేదాంతకు 79.4 శాతం, జెడ్‌సీసీఎం-ఐహెచ్‌కు 20.6 శాతం వాటా ఉంది. వేదాంత 2004లో ఇందులో 51 శాతాన్ని రెండున్నర కోట్ల డాలర్లకు కొని, తర్వాత వాటా పెంచుకుంది. 2019 మే నెలలో ప్రభుత్వం ఆ కంపెనీ మీద లిక్విడేటర్‌ను, అంటే కంపెనీ వ్యవహారాలు ముగించే అధికారిని, నియమించింది. దీర్ఘకాలం నడిచిన న్యాయపోరాటం తర్వాత 2023లో ఒప్పందం కుదిరింది, 2024లో గని మళ్లీ వేదాంత చేతికి వచ్చింది. కాపర్‌బెల్ట్‌లోని మరో గని సంస్థ మొపానీ కథ ఇంకో రకం. స్విట్జర్లాండ్ కంపెనీ గ్లెన్‌కోర్ 2021లో తన మెజారిటీ వాటాను ఒక్క డాలరుకు జెడ్‌సీసీఎం-ఐహెచ్‌కు అప్పగించింది. ఆ ఒక్క డాలరు చూసి మురిసిపోవడానికి లేదు, ఎందుకంటే గ్లెన్‌కోర్‌కు తీర్చాల్సిన 150 కోట్ల డాలర్ల అప్పు మొపానీ నెత్తి మీదే ఉండిపోయింది. 2024లో అబుదాబీకి చెందిన ఇంటర్నేషనల్ రిసోర్సెస్ హోల్డింగ్ 51 శాతం వాటా తీసుకుంది.

కన్సాన్షీలో 80 శాతం కెనడా కంపెనీ ఫస్ట్ క్వాంటమ్‌ది. మిగిలిన 20 శాతం మీద ప్రభుత్వ కంపెనీకి రావలసిన డివిడెండ్‌ను 3.1 శాతం రాయల్టీగా మార్చుకున్నారు. లాభం ఎంతో కంపెనీ తేల్చేదాకా ఎదురుచూడకుండా అమ్మకం మీదే డబ్బు వచ్చే ఏర్పాటు ఇది. లాభాల లెక్కల మీద ప్రభుత్వానికి ఎంత నమ్మకం ఉందో దీన్ని బట్టే ఊహించవచ్చు. లుమ్వానా పూర్తిగా మరో కెనడా కంపెనీ బారిక్‌ది, సెంటినెల్ పూర్తిగా ఫస్ట్ క్వాంటమ్‌ది. ఈ రెండింటిలో ప్రభుత్వానికి వాటా లేదు, పన్నులూ రాయల్టీలూ మాత్రమే వస్తాయి. కాబట్టి లుమ్వానా విస్తరణ వార్తను కొంకోలా విస్తరణ వార్తలాగా చదవకూడదు.

టన్నుల లెక్కను విప్పి చూడండి

గని వార్తలో టన్నులు అనే మాట కనిపించగానే ఆగి, అవి దేని టన్నులో అడగాలి. తవ్విన ధాతువువా, దాన్ని నూరి రాయిని వేరు చేశాక మిగిలే కాన్సంట్రేట్‌వా, అందులోని రాగివా? పది లక్షల టన్నుల ధాతువు తవ్వారనుకోండి. అందులో రాగి 2 శాతం ఉంటే 20,000 టన్నుల రాగి ఉన్నట్టు. మిల్లులో 90 శాతం చేజిక్కితే మిగిలేది 18,000 టన్నులు. అదే ధాతువులో రాగి అర శాతం మాత్రమే ఉంటే, ఇంతే రాయి తవ్వినా చేతికి వచ్చేది 4,500 టన్నులు. కాపర్‌బెల్ట్ భూగర్భ గనులు మొదటి రకానికి దగ్గరగా, నార్త్-వెస్ట్రన్ ఓపెన్ కాస్ట్ గనులు చాలావరకు రెండో రకానికి దగ్గరగా ఉంటాయి. ధాతువు పేదదైనా గని లాభాల్లో నడవవచ్చు. భారీ డంపర్లు, పెద్ద మిల్లులు, భూమి పైభాగంలోనే ఉన్న ధాతువు కలిసివస్తే అది సాధ్యమే. అందువల్ల గ్రేడ్‌ను, అంటే ధాతువులోని రాగి శాతాన్ని, ఒక్కదాన్నే చూసి గని మంచిదో చెడ్డదో తేల్చకూడదు. టన్ను ధాతువు కోసం ఎన్ని టన్నుల ఓబీ (ధాతువు మీద కప్పిన మన్ను, రాయి) తీయాలో, తవ్వకం ఎంత లోతులో ఉందో కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

నిల్వల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డ్రిల్ రంధ్రాల ఆధారంగా భూమిలో ఇంత ఉండవచ్చని అంచనా వేసినది ఒకటి, నేటి ధరకూ ఖర్చుకూ లాభంగా తవ్వగలమని ఇంజనీర్లు లెక్క కట్టి నిర్ధారించినది మరొకటి. మన పత్రికలు రెండింటినీ నిల్వలనే రాస్తాయి. కంపెనీ ప్రకటనలో మాత్రం ఇవి వేర్వేరు పట్టికల్లో ఉంటాయి. మొదటి దానిలోనూ మెజర్డ్, ఇండికేటెడ్, ఇన్‌ఫర్డ్ అని మూడు మెట్లుంటాయి. ఇన్‌ఫర్డ్ అన్నది అతి బలహీనమైన మెట్టు, దాని మీద ఆధారపడి గని లాభనష్టాలు లెక్కించడం తొందరపాటే. చిలిలబొంబ్వే దగ్గర అమెరికా కంపెనీ కోబోల్డ్ మెటల్స్ అభివృద్ధి చేస్తున్న మింగోంబా నిక్షేపంలో రాగి 3 శాతానికి పైగా ఉందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అంత గ్రేడ్ అరుదే. కానీ అది చాలా లోతున ఉంది, రాగి బయటికి రావాలంటే ముందు షాఫ్టులు, అంటే నిలువు బావులు, తవ్వాలి.

దేశం మొత్తం ఉత్పత్తి లెక్కకూ ఇదే పరీక్ష పెట్టాలి. 2023లో సుమారు 7 లక్షల టన్నులకు తగ్గిన ఉత్పత్తి 2024లో సుమారు 8.2 లక్షల టన్నులకు చేరింది. 2030ల ఆరంభానికి ఏటా 30 లక్షల టన్నులు తీయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఈ లక్ష్యాన్ని ప్రస్తావించే ప్రతి వార్తలోనూ దాన్ని చేరుకునే గనుల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లుమ్వానా విస్తరణ పూర్తయితే ఏటా సుమారు 2.4 లక్షల టన్నులు ఇస్తుందని అంచనా. కన్సాన్షీ, కొంకోలా, మొపానీ, మింగోంబాల అంచనాలను కూడా ఒక కాగితం మీద కూడండి. లక్ష్యానికీ ఆ మొత్తానికీ ఎంత దూరముందో మీకే తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. జాంబియా స్మెల్టర్లు కాంగో నుంచి వచ్చే కాన్సంట్రేట్‌ను కూడా కరిగిస్తాయి కాబట్టి ఎగుమతి అంకె, గనుల ఉత్పత్తి అంకె ఒకటి కావు.

దేశం దాటేది ఏ రూపంలో?

ధాతువును నూరి, నురుగులో తేల్చి వేరు చేస్తే కాన్సంట్రేట్ వస్తుంది. అందులో రాగి సాధారణంగా 25 నుంచి 30 శాతం ఉంటుంది, చూడటానికి తడి బూడిద మన్నులా ఉంటుంది. స్మెల్టర్‌లో కరిగిస్తే 99 శాతం పైబడిన ఆనోడ్ వస్తుంది, విద్యుత్ విశ్లేషణతో శుద్ధి చేస్తే 99.99 శాతం స్వచ్ఛమైన కాథోడ్ అవుతుంది. కాథోడ్ అంటే దాదాపు మీటరు చదరపు పలక. గులాబీ ఎరుపు రంగులో, అంచుల వెంట చిన్న బొడిపెలతో, ఉక్కు పట్టీలు బిగించి కట్టలు కట్టి లారీల మీద పేర్చుతారు. స్మెల్టర్‌లో వెలువడే గంధక వాయువును పట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారు చేస్తారు, ఆ ఆమ్లంతోనే ఆక్సైడ్ ధాతువు నుంచి రాగిని కరిగించి తీస్తారు. అందువల్ల ఒక స్మెల్టర్ మరమ్మతుకు ఆగిందంటే, ఆమ్లం కొరతతో మరో చోట ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. స్మెల్టర్ మూసివేత వార్తను చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఎగుమతి గమ్యాల పట్టికలో స్విట్జర్లాండ్ పెద్ద స్థానంలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. లోహ వ్యాపార సంస్థల కార్యాలయాలు అక్కడ ఉండటం వల్ల బిల్లు ఆ దేశం పేరున పడుతుంది, రాగి మాత్రం ఓడెక్కి ఎక్కువగా ఆసియాకు పోతుంది. అమ్మినవారూ కొన్నవారూ ఒకే గ్రూపు కంపెనీలైతే ధర న్యాయంగా వేశారా అన్న వివాదం జాంబియాలో ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. ఓడ దాకా చేరడం కూడా చిన్న పని కాదు. దక్షిణాన రొడీషియా (నేటి జింబాబ్వే) దారి మూసుకుపోయిన రోజుల్లో చైనా సాయంతో 1970 నుంచి 1975 వరకు కట్టిన 1,860 కిలోమీటర్ల తజారా రైలు మార్గం కపిరి ఎంపోషీ నుంచి దారెస్సలాంకు పోతుంది. డర్బన్, వాల్విస్ బే, బైరా రేవులకు లారీలు నడుస్తాయి. అంగోలాలోని లోబిటో రేవుకు రైలు కలపాలన్నది ఇటీవలి ప్రయత్నం.

ప్రభుత్వానికి ఎంత వస్తుందో లెక్క కట్టడం

రాయల్టీ రేటును వార్తలు ఒకే ముక్కలో చెబుతాయి. 10 శాతం దాకా ఉందంటాయి. 2023 నుంచి అమలైన పద్ధతి మన ఆదాయపు పన్ను శ్లాబుల వంటిది. రాగి ధర టన్నుకు 4,000 డాలర్ల దాకా 4 శాతం, 4,000 నుంచి 5,000 దాకా ఉన్న భాగానికి 6.5 శాతం, 5,000 నుంచి 7,000 దాకా 8.5 శాతం, ఆ పైన 10 శాతం. ధర 9,000 డాలర్లయితే మొదటి 4,000 మీద 160, తర్వాతి 1,000 మీద 65, తర్వాతి 2,000 మీద 170, మిగిలిన 2,000 మీద 200, మొత్తం 595 డాలర్లు. అంటే అసలు భారం సుమారు 6.6 శాతమే. అంతకుముందు ధర ఏ మెట్టులో పడితే ఆ మెట్టు రేటు మొత్తం విలువకూ వర్తించేది. దీనిపైన 30 శాతం కార్పొరేట్ పన్ను ఉంది, 2022 నుంచి రాయల్టీని ఆ పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవచ్చు. ఈ నిబంధనలు తరచుగా మారాయి కాబట్టి ఏ లెక్కకైనా ఆ ఏడాది బడ్జెట్ ప్రకటనను పక్కన పెట్టుకోవాలి.

వానలు, కరెంటు

జాంబియా విద్యుత్ సామర్థ్యంలో 80 శాతానికి పైగా జలవిద్యుత్తే. జాంబెజీ నది మీద జింబాబ్వేతో ఉమ్మడిగా ఉన్న కరీబా, కఫువే నది మీది కేంద్రాలు దానికి ఆధారం. 2024లో ఎల్ నినో కరువు వచ్చి కరీబా జలాశయం అడుగంటింది. ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది, ఇళ్లకు రోజులో ఎక్కువ గంటలు లోడ్ షెడ్డింగ్ తప్పలేదు. గనులు దిగుమతి కరెంటు కొని నెట్టుకొచ్చాయి. అందువల్ల ఆ ఏడాది ఉత్పత్తి పెరిగిందన్న వార్తతో పాటు టన్నుకు ఖర్చు ఎంత పెరిగిందో కూడా వెతకాలి. నవంబరు నుంచి మార్చి దాకా జాంబెజీ పరీవాహకంలో పడిన వానలు ఆ తర్వాతి నెలల గని వార్తలను ముందే చెబుతాయి.

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన నిజంగానే వస్తుంది. కరీబా సరస్సుకు సమీపంలోని మాంబా బొగ్గు గనినీ, దాని పక్కనే ఉన్న 300 మెగావాట్ల థర్మల్ కేంద్రాన్నీ నడిపే కంపెనీలో 65 శాతం వాటా హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నవ లిమిటెడ్‌ది. ఒకప్పుడు నవభారత్ వెంచర్స్ అనేవారు, పాల్వంచలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉన్నదీ ఈ సంస్థకే. మిగిలిన 35 శాతం జెడ్‌సీసీఎం-ఐహెచ్‌ది. నది ఎండినా నడిచే కేంద్రం కావడంతో కరువు కాలంలో దాని విలువ పెరిగింది, అక్కడే మరో 300 మెగావాట్లు కడుతున్నారు. ఈ కంపెనీ షేరు ఉన్నవారు జాంబియా వార్తల్లో రాగి ధర కన్నా కరీబా నీటిమట్టాన్నీ, విద్యుత్ సంస్థ జెస్కో బకాయిలు చెల్లించే తీరునూ గమనించడం మేలు.

వ్యర్థాలు ఎటు పోతున్నాయి?

2025 ఫిబ్రవరి 18న చాంబిషీ దగ్గర సైనో-మెటల్స్ లీచ్ జాంబియా కంపెనీ టెయిలింగ్స్ (రాగి తీశాక మిగిలే బురద వ్యర్థాలు) కట్ట తెగి ఆమ్ల వ్యర్థాలు వాగుల గుండా కఫువే నదిలో కలిశాయి. చేపలు చచ్చిపోయాయి, పొలాలు పాడయ్యాయి, కిట్వే నగరానికి నీటి సరఫరా ఆపవలసి వచ్చింది. అంతకుముందు చింగోలా పరిసర గ్రామాలవారు 1,826 మంది కొంకోలా కాపర్ మైన్స్ కాలుష్యం మీద లండన్‌లో దావా వేశారు. ఆ దావా ఇంగ్లండ్ కోర్టుల్లోనే నడవవచ్చని అక్కడి సుప్రీం కోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. 2021లో బాధ్యత ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుంది. కబ్వేలో సీసం, జింకు గని 1994లో మూతబడినా ఆ పట్టణపు పిల్లల రక్తంలో సీసం నేటికీ ప్రమాదకర స్థాయిలో ఉంది. కాబట్టి గని ప్రకటన చదివేటప్పుడు టెయిలింగ్స్ కట్ట ఎక్కడ కడుతున్నారో, దాని దిగువన ఏ వాగు ఉందో, మూసివేత ఖర్చుకు ఎంత సొమ్ము పక్కన పెట్టారో వెతకండి. అది దొరకకపోతే ఆ ప్రకటన అసంపూర్ణమే.

పాత డంపుల మీద చట్టవిరుద్ధంగా ధాతువు ఏరేవారు కూడా ఈ లెక్కలోకి వస్తారు. 2018లో కిట్వేలోని బ్లాక్ మౌంటెన్ అనే చిట్టెం గుట్ట కూలి ప్రాణాలు పోయాయి, 2023 చివర చింగోలాలో వర్షానికి గోడలు జారి మరికొందరు సమాధి అయ్యారు. మూతబడిన చోట మళ్లీ తవ్వకం అన్న వార్తల వెనుక ఈ మనుషుల బతుకుదెరువు తగవు తరచుగా దాగి ఉంటుంది.

పచ్చల వార్తలకు ఈ పద్ధతి పనికిరాదు. లుఫ్వన్యామా దగ్గరి కగెం గనిలో 75 శాతం జెమ్‌ఫీల్డ్స్‌ది, 25 శాతం ప్రభుత్వానిది. అక్కడ క్యారట్ల మొత్తం కన్నా వాటిలో మేలురకం ఎంత, వేలంలో క్యారట్‌కు సగటు ధర ఎంత అన్నవే ముఖ్యం. 2025 ఆరంభంలో మార్కెట్లో సరుకు ఎక్కువై, ధరలు పడిపోయి ఆ గని కొన్ని నెలలు తవ్వకం ఆపింది. జైపూర్ సానపట్టే వ్యాపారులు చాలా కాలంగా జాంబియా పచ్చల మీద ఆధారపడ్డారు కాబట్టి ఆ వార్త మనకూ దగ్గరిదే.

ఎక్కడ సరిచూసుకోవాలి?

లైసెన్సు ఎవరి పేరున ఉందో జాంబియా మైనింగ్ కడాస్టర్ పోర్టల్‌లో మ్యాపు మీదే చూడవచ్చు. కంపెనీలు ప్రభుత్వానికి ఎంత చెల్లించామన్నాయో, ప్రభుత్వం ఎంత అందిందన్నదో పోల్చి చూపే నివేదికలను గనుల ఆదాయంలో పారదర్శకత కోసం పనిచేసే అంతర్జాతీయ వేదిక ఈఐటీఐ జాంబియా విభాగం వెలువరిస్తుంది. అవి ఆలస్యంగా వస్తాయి కానీ రెండు పక్కల అంకెలూ ఒకే చోట దొరుకుతాయి. ఎగుమతులకు జాంబియా గణాంక సంస్థ నెలవారీ బులెటిన్, లుమ్వానా, కన్సాన్షీ, సెంటినెల్ ఉత్పత్తికి బారిక్, ఫస్ట్ క్వాంటమ్ త్రైమాసిక నివేదికలు చాలు. మంత్రి ప్రసంగంలోని అంకెకూ వీటికీ తేడా వస్తే, ముందుగా ఏ కాలానికి చెందిన అంకెలో, రాగి ఏ రూపంలో ఉన్నప్పటి లెక్కో చూడండి. తేడా చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఉద్యోగం కోసం వెళ్లాలనుకునేవారు ఇంకో రెండు సంగతులు అడగాలి. నియామక పత్రం గని కంపెనీదా, దాని కాంట్రాక్టరుదా? జీతం డాలర్లలోనా, జాంబియా కరెన్సీ అయిన క్వాచాల్లోనా? కొంకోలాలో లిక్విడేటర్ కూర్చున్న ఏళ్లలో కాంట్రాక్టర్ల బకాయిలు పేరుకుపోయి గొడవలయ్యాయి, ఆ భారం చివరికి పడేది వారి దగ్గర పనిచేసేవారి మీదే. ఉపాధి పర్మిట్ దరఖాస్తు ఏ సంస్థ పేరున వేస్తున్నారో కాగితం మీద చూశాకే టిక్కెట్టు కొనండి.